స్వరపేటిక: కీబోర్డు కొనబోయేవారి సందేహాలు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ప్రాణహిత అవతలి ఒడ్డునుంచి, అంటే మహారాష్ట్రలోని సిరొంచ, బల్లార్షా, చంద్రపూర్ వైపునుంచి వచ్చాయి. మిగతావి నాందేడ్ జిల్లావి. చాలామంది అడిగింది ఒకటే కాబట్టి అలాంటివన్నీ కలిపి జవాబు రాశాం. ఫలానా మోడల్ ధరెంతని అడిగినవారు దుకాణంలోనే కనుక్కోండి. పత్రిక అచ్చయి మీ చేతికొచ్చే లోపల అవి మారిపోతున్నాయి.

ప్రశ్న: భజన మండలిలో హార్మోనియం వాయిస్తాను. ఇంట్లో సొంతంగా పాటలు కట్టి రికార్డు చేసుకోవాలని కూడా ఉంది. దుకాణంలో అడిగితే ‘మిడి కీబోర్డు తీసుకోండి, సగం ధరకే వస్తుంది’ అన్నారు. తీసుకోవచ్చా? (ఒక పాఠకుడు, సిరొంచ)

జవాబు: భజనకు కూడా అదే తీసుకెళ్లాలంటే వద్దండీ. మిడి కీబోర్డుకూ మీరనుకునే కీబోర్డుకూ పోలిక మీటల వరకే. మామూలు మిడి కీబోర్డులో స్పీకరూ ఉండదు, సొంత శబ్దమూ ఉండదు. మీట నొక్కితే ‘ఫలానా స్వరం, ఇంత బలంగా నొక్కారు’ అని కంప్యూటరుకు కబురు పంపుతుంది, అంతే. ఆ కబురులో స్వరానికి 0 నుంచి 127 దాకా ఒక అంకె (నడిమి సి అంటే 60), నొక్కిన బలానికి మరో అంకె ఉంటాయి. 1983లో వచ్చిన ఈ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ఆ కబురు చదువుకుని వయొలిన్‌గానో వేణువుగానో పలికించాల్సింది కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు. గుడి మండపంలో కూర్చుని లాప్‌టాప్ తెరిచాక అది విండోస్ అప్‌డేట్ మొదలుపెట్టిందనుకోండి, మంగళహారతి దాకా మీరు తాళం వేసుకుంటూ కూర్చోవాల్సిందే.

మీకు కావలసింది సొంత శబ్దాలు, రిథమ్‌లు, స్పీకర్లు ఉన్న అరేంజర్ కీబోర్డు. మన దేశం కోసమే చేసిన మోడళ్లున్నాయి. యమహా పీఎస్‌ఆర్-ఐ500, క్యాసియో సీటీ-ఎక్స్870ఐఎన్ అలాంటివే. రెండింటికీ 61 పెద్ద మీటలు, తబలా, ఢోలక్ రిథమ్‌లు ఉన్నాయి. యమహాలో తంబూరా, తబలాతో సాధన చేసుకోవడానికి ‘రియాజ్’ అని విడిగా ఒక ఏర్పాటు కూడా ఉంది. స్టేజి బ్యాండ్లలో కనిపించే రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 మంచి వాయిద్యమే. కానీ దానికి సొంత స్పీకర్లు లేవు. ఎక్కడికి వెళ్లినా వెంట యాంప్లిఫయరు మోయాలి.

దుకాణంలో బొమ్మలు, లైట్లు చూడకండి. ఒకే మీటను మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి. శబ్దం తగ్గి పెరగకపోతే ఆ కీబోర్డు వద్దు, దాని మీద ఎంత సాధన చేసినా వేళ్లకు భావం అబ్బదు. వెనుక చదరంగా ప్రింటరు సాకెట్‌లాంటిది (యూఎస్‌బీ టు హోస్ట్) ఉందో లేదో చూడండి. అది ఉంటే ఇదే కీబోర్డు ఇంటికొచ్చాక కంప్యూటరుకు మిడి కీబోర్డుగానూ పనిచేస్తుంది. అంటే రెండు కొననక్కర్లేదు. సస్టెయిన్ పెడల్ (వేలు తీశాక కూడా స్వరం సాగేలా కాలితో నొక్కేది) పెట్టుకునే రంధ్రం ఉండాలి. ఆ తర్వాత మీ మండలిలో ఎక్కువగా పాడే నాలుగు పాటల తాళాలు అందులో ఉన్నాయేమో వాయించి చూడండి. కేహర్వా (8 మాత్రలు), దాద్రా (6) దాదాపు అన్నింట్లోనూ ఉంటాయి. రూపక్ అని కనిపిస్తే మన రూపక తాళమని పొరబడకండి. అది హిందుస్తానీది, 7 మాత్రలు. మన రూపకానికి 6 అక్షరాలే. మరాఠీ అభంగాలకు వేసే భజనీ ఠేకా మీ మండలికి అవసరమైతే ఉందో లేదో ముందే అడగండి. కేహర్వాలాగే దానికీ 8 మాత్రలే కానీ దెబ్బలు పడే చోట్లు వేరు. కేహర్వా పెట్టి సర్దుకుందామంటే పక్కన టాళ్ (చేతి తాళాలు) వాయించేవారు ఒప్పుకోరు.

ప్రశ్న: మా అమ్మాయికి పియానో నేర్పిస్తున్నాం, ట్రినిటీ పరీక్షలు రాయించాలని ఉంది. 61 మీటలు చాలవా? (ఒక తల్లి, నాందేడ్)

జవాబు: ట్రినిటీ కాలేజ్ లండన్ పరీక్షల్లో పియానో వేరు, ఎలక్ట్రానిక్ కీబోర్డు వేరు. పాప ఏ పరీక్షకు వెళ్తోందో ముందు గురువుగారిని అడగండమ్మా. కీబోర్డు పరీక్షయితే మీటను నొక్కిన బలానికి తగ్గట్టు పలికే 61 మీటలదే తీసుకోవచ్చు. పియానో అయితే బరువు మీటలు ఉన్న 88 మీటల డిజిటల్ పియానో కావాలి. యమహా పీ-145, రోలాండ్ ఎఫ్‌పీ-10, క్యాసియో సీడీపీ-ఎస్110 ఆ కోవలోవి. తేలిక మీటల మీద నేర్చుకున్న పిల్లలు పరీక్ష గదిలో అసలు పియానో ముందు కూర్చుంటే సగం స్వరాలు పలకవు, వేళ్లకు ఆ బరువు అలవాటుండదు కాబట్టి.

ప్రశ్న: 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ ఉంది. డబ్బు పెట్టకుండా పాట తయారుచేయడానికి ఏ సాఫ్ట్‌వేరు బాగుంటుంది? స్నేహితుడు ‘క్రాక్’ కాపీ ఇస్తానంటున్నాడు. (ఒక పాఠకుడు, ధర్మాబాద్)

జవాబు: క్రాక్ వద్దు. తప్పొప్పుల సంగతి పక్కన పెట్టినా, దాన్ని ఎక్కించడానికి ముందు యాంటీవైరస్ ఆపమంటారు, వైరస్ అప్పుడే దూరుతుంది. ఆ పాత లాప్‌టాప్‌కు అది కూడా తోడైతే ఇక లేవదు.

మీ లాప్‌టాప్‌కు రీపర్ బాగా సరిపోతుంది. డౌన్‌లోడ్ చాలా చిన్నది, ర్యామ్ పెద్దగా తినదు. 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడొచ్చు. నచ్చితే వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. ఎల్‌ఎంఎంఎస్ పూర్తిగా ఉచితం, బీట్‌లు కట్టుకోవడానికి బాగుంటుంది. కానీ మైకు పెట్టి గొంతు రికార్డు చేసే వీలు అందులో లేదు. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో ఒక మెలిక ఉంది. ప్రాజెక్టు సేవ్ అవుతుంది, మర్నాడు తెరవబోతే తెరుచుకోదు, కొన్నాకే తెరుచుకుంటుంది. కొనేటప్పుడు కూడా అన్నింటికన్నా చవకైన ఫ్రూటీ ఎడిషన్ తీసుకుంటే అందులో గొంతు రికార్డింగు ఉండదని గుర్తుంచుకోండి. ఆడాసిటీ చాలామంది వాడుతున్నారు. రికార్డు చేసిన గొంతును కత్తిరించుకోవడానికీ శుభ్రం చేసుకోవడానికీ అది మంచి పనిముట్టు. కీబోర్డుతో వాయిద్యాలు వాయించి పేర్చడానికి మాత్రం పనికిరాదు. గ్యారేజ్‌బ్యాండ్ యాపిల్ వాళ్లకే.

రీపర్ ఎక్కించాక అందరూ తికమకపడే విషయం ఒకటుంది. అందులో చెప్పుకోదగ్గ వాయిద్యాలు రావు. ఒక చిన్న సింథ్ తప్ప పియానో లేదు, వయొలిన్ లేదు. వాటిని విడిగా తెచ్చుకోవాలి. ప్లోగ్ వారి ‘స్ఫోర్జాండో’ అనే ఉచిత ప్లేయరు (రీపర్‌లోకి ఎక్కించే ఇలాంటి చేర్పునే ప్లగిన్ అంటారు) ఎక్కించుకుంటే, ఎస్ఎఫ్‌జెడ్ అనే ఫైలు రూపంలో దొరికే వాయిద్యాలన్నీ అందులో మోగుతాయి. సాలమాండర్ గ్రాండ్ అనే పియానో ఒక యమహా సీ5 మీద రికార్డు చేసినది, ఉచితంగా దొరుకుతుంది. మీ ర్యామ్‌కు దాని చిన్న రూపమే దించుకోండి. సింథ్ శబ్దాలకు సర్జ్ ఎక్స్‌టీ ఉంది, అదీ ఉచితమే.

మొదటిసారి శబ్దం రావాలంటే వరస ఇది. కీబోర్డును యూఎస్‌బీ తీగతో కలిపి ఆన్ చేశాకే రీపర్ తెరవాలి. ఆప్షన్స్‌లోని ప్రిఫరెన్సెస్‌కు వెళ్లి, మిడి పరికరాల పేజీలో మీ కీబోర్డు పేరుకు ఇన్‌పుట్ ఎనేబుల్ చేయాలి. కొత్త ట్రాకు తెచ్చి, దాని ఎఫ్ఎక్స్ మీట నొక్కి స్ఫోర్జాండో ఎక్కించి, వాయిద్యం ఫైలు అందులో తెరవాలి. ట్రాకు మీద ఎర్ర చుక్క నొక్కి, ఇన్‌పుట్‌గా మిడి, ఆల్ ఛానెల్స్ ఎంచుకోవాలి. అప్పటికీ పలకకపోతే తీగను అనుమానించండి. ఫోన్ ఛార్జింగు తీగల్లో కొన్నింటికి డేటా నరాలే ఉండవు, కరెంటు మాత్రం పోతుంది. హబ్ మధ్యలో పెట్టకుండా నేరుగా లాప్‌టాప్‌కే గుచ్చి చూడండి.

అయిదారు ట్రాకులయ్యేసరికి 4 జీబీ లాప్‌టాప్ శబ్దంలో చిటపటలు మొదలవుతాయి. కంగారుపడకండి. పూర్తయిన ట్రాకు మీద కుడి క్లిక్ చేసి ‘ఫ్రీజ్’ చేస్తే అది మామూలు ఆడియోగా మారిపోయి ప్లగిన్ బరువు దిగిపోతుంది. మళ్లీ మార్చాలంటే అన్‌ఫ్రీజ్ చేసుకోవచ్చు. ట్యూనూ లయా తేలిన ట్రాకులనే ఫ్రీజ్ చేస్తూ పోతే పాతిక ట్రాకుల పాట కూడా ఆ లాప్‌టాప్ మీదే అవుతుంది.

ప్రశ్న: మీట నొక్కాక శబ్దం ఒక క్షణం ఆలస్యంగా వస్తోంది. రిథమ్ పెట్టి వాయించలేకపోతున్నా. కీబోర్డు లోపమా? (ఒక పాఠకుడు, కిన్వట్)

జవాబు: కీబోర్డులో ఏ లోపమూ లేదు. మీరు చెవిలో పెట్టుకున్నది బ్లూటూత్ ఇయర్‌ఫోనా? అయితే అదే కారణం. బ్లూటూత్ దారిలో శబ్దం 100, 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆలస్యమవుతుంది. సినిమా చూసేటప్పుడు యాప్ బొమ్మనూ ఆలస్యం చేసి సర్దేస్తుంది కాబట్టి అక్కడ మీకు తెలియదు. వాయించేటప్పుడు వేలిని ఆలస్యం చేయడం ఎవరి తరమూ కాదు. తీగ ఉన్న హెడ్‌ఫోన్ పెట్టండి.

తీగదే పెట్టినా ఆలస్యముంటే కారణం బఫర్. కంప్యూటరు శబ్దాన్ని చిన్న చిన్న మూటలుగా కట్టి పంపుతుంది. మూట పెద్దదైతే కట్టడానికి సమయం పడుతుంది. సెకనుకు 44,100 శాంపిళ్లు (శబ్దపు తునకలు) నడిచే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల మూటకు 2.9 మిల్లీసెకన్లు, 256కు 5.8, 512కు 11.6, 1024కు 23 పైచిలుకు. డ్రైవరు, పరికరం తీసుకునే సమయం దీనికి అదనం. మొత్తం కలిపి పది, పన్నెండు మిల్లీసెకన్లు దాటిందంటే వేలికి తెలిసిపోతుంది.

రీపర్‌లో ప్రిఫరెన్సెస్, ఆడియో, డివైస్ పేజీ తెరిచి, ఆడియో సిస్టమ్‌ను ఏఎస్ఐఓకు (శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో పంపే డ్రైవరు పద్ధతి) మార్చండి. ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటరులోకి శబ్దాన్ని తీసుకెళ్లే, బయటికి తెచ్చే విడి పెట్టె) కొన్నవారైతే దాని సొంత డ్రైవరు వాడాలి. లేనివారు ‘ఏఎస్ఐఓ ఫర్ ఆల్’ అనే ఉచిత డ్రైవరు ఎక్కించుకోండి. బఫర్ 128 పెట్టి వాయించి చూడండి. చిటపటమంటే 256కు పెంచండి. వాయించడం అయిపోయి కూర్పు, మిక్సింగు చేసేటప్పుడు 1024కు మార్చేయండి. అప్పుడు ఆలస్యమున్నా నష్టం లేదు, లాప్‌టాప్‌కు ఊపిరాడుతుంది. ఏఎస్ఐఓ పెట్టాక యూట్యూబ్‌లో శబ్దం రావట్లేదని రాసిన ఇంకో పాఠకుడికి: అది లోపం కాదు, చాలా ఏఎస్ఐఓ డ్రైవర్లు సౌండు కార్డును ఒక్క సాఫ్ట్‌వేరుకే అప్పగిస్తాయి. రీపర్ మూస్తే తిరిగి వస్తుంది.

ప్రశ్న: కంప్యూటరుకు కలిపినప్పటినుంచి ప్రతి స్వరం రెండుసార్లు మోగుతోంది, మెటాలిక్‌గా వినిపిస్తోంది. (ఒక పాఠకురాలు, చంద్రపూర్)

జవాబు: ఒకటి కీబోర్డు సొంత శబ్దం, రెండోది సాఫ్ట్‌వేరుది. రెండూ ఒకే క్షణంలో కాక కాస్త తేడాతో వస్తున్నందువల్లే ఆ రేకు మోత. కీబోర్డు ఫంక్షన్ మెనూలో ‘లోకల్’ అనేదాన్ని ఆఫ్ చేయండి. అప్పుడు మీటలు కంప్యూటరుకు మాత్రమే కబురు పంపుతాయి. పని అయ్యాక గుర్తుపెట్టుకుని ఆన్ చేయాలి. లోకల్ ఆఫ్‌లోనే వదిలేసి, మర్నాడు కీబోర్డు పలకట్లేదని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లినవారున్నారు. చాలా మోడళ్లలో ఒకసారి ఆపి ఆన్ చేస్తే తనంతట తానే మామూలుకొస్తుంది.

ప్రశ్న: ఇక్కడి గాయకులు ‘కాళీ దోన్’, ‘పాంఢరీ చార్’ అని శ్రుతి చెబుతారు. తెలుగు కార్యక్రమానికి వచ్చే గాయని ‘అయిదున్నర’ అంటారు. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ ఎంత పెట్టాలో ప్రతిసారీ తడబడుతున్నాను. (ఒక పాఠకుడు, బల్లార్షా)

జవాబు: సరిహద్దులో వాయించేవారికి ఇది తప్పని తిప్పలే, కానీ ఒకసారి పట్టుకుంటే మళ్లీ మరిచిపోరు. మరాఠీ, హిందీ, తెలుగు మూడు భాషల వాళ్లూ లెక్క సి మీటనుంచే (రెండు నల్ల మీటల జంటకు ఎడమ పక్కనున్న తెల్లది) మొదలుపెడతారు. మరాఠీ వాళ్లు తెల్ల మీటలను విడిగా, నల్ల మీటలను విడిగా లెక్కిస్తారు. పాంఢరీ ఏక్ అంటే సి, దోన్ డి, తీన్ ఈ, చార్ ఎఫ్, పాచ్ జి, సహా ఏ, సాత్ బి. నల్లవి కాళీ ఏక్ సి షార్ప్, దోన్ డి షార్ప్, తీన్ ఎఫ్ షార్ప్, చార్ జి షార్ప్, పాచ్ ఏ షార్ప్. హిందీలో చెప్పేవారు పాంఢరీకి బదులు సఫేద్ అంటారు, అంకెలు అవే.

మన కర్ణాటక పద్ధతిలో తెల్ల మీటలకు అవే అంకెలు: ఒకటి సి, రెండు డి, మూడు ఈ, నాలుగు ఎఫ్, అయిదు జి, ఆరు ఏ. నల్ల మీటకు మాత్రం విడి లెక్క లేదు, దాని ఎడమ పక్క తెల్ల మీట అంకెకు ‘అర’ చేరుస్తారు. అందుకే సి షార్ప్ ఒకటిన్నర, డి షార్ప్ రెండున్నర, ఎఫ్ షార్ప్ నాలుగున్నర, జి షార్ప్ అయిదున్నర, ఏ షార్ప్ ఆరున్నర. మూడున్నర శ్రుతి అనేది ఎందుకు లేదో ఇప్పుడు తెలిసిందిగా: ఈ, ఎఫ్‌ల మధ్య నల్ల మీట లేదు. మీ ఉత్తరంలోని కాళీ దోన్ అంటే మన రెండున్నర. పాంఢరీ చార్ అంటే మన నాలుగు. గాయని అడిగిన అయిదున్నర మీ మరాఠీ తబలచీకి చెప్పాలంటే కాళీ చార్.

మీరు సి నుంచే వేళ్లు పెట్టి, శ్రుతిని ట్రాన్స్‌పోజ్‌తో మార్చేవారైతే, సి నుంచి నల్లవీ తెల్లవీ కలిపి ఎన్ని మీటలు ఎక్కాలో అన్ని అంకెలు పెంచాలి. రెండున్నరకు ప్లస్ 3, నాలుగుకు ప్లస్ 5. అయిదున్నరకు ప్లస్ 8 పెట్టొచ్చు, కానీ శబ్దం మరీ సన్నగా పైకి పోతుంది. మైనస్ 4 పెట్టినా అదే జి షార్ప్ వస్తుంది, కాకపోతే ఒక స్థాయి కింద. పాటకు ఏది నప్పుతుందో విని పెట్టుకోండి.

ఇందులో రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి, ట్రాన్స్‌పోజ్ పెట్టి కంప్యూటరులో మిడి రికార్డు చేస్తే చాలా కీబోర్డులు మార్చిన స్వరాన్నే పంపుతాయి. ప్లస్ 3లో ఉండగా మీరు సి నొక్కితే అక్కడ డి షార్ప్ రికార్డవుతుంది. వారం తర్వాత ట్రాన్స్‌పోజ్ లేకుండా కొత్త ట్రాకు వాయిస్తే రెండూ కలవవు. రికార్డింగులో కీబోర్డు ట్రాన్స్‌పోజ్ సున్నాలోనే ఉంచి, మార్పును సాఫ్ట్‌వేరులో చేసుకోండి. రెండోది, పాత హార్మోనియం. కీబోర్డు కొన్నప్పుడు నడిమి సి పైనున్న ‘ఏ’ (A) అనే స్వరం 440 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఊళ్లో రీడ్లు గీకి గీకి శ్రుతి చేసిన పేటీ అక్కడే ఉండాలని లేదు. రెండూ కలిపి మోగిస్తే శబ్దం అలలుగా ఊగుతుంది. సెకనుకు నాలుగు అలలు లెక్కపెట్టారంటే ఆ స్వరం దగ్గర తేడా 4 హెర్ట్జ్ అన్నమాట. పేటీని మార్చలేరు కాబట్టి కీబోర్డు ఫంక్షన్‌లో ‘ట్యూనింగ్’ తెరిచి, అలలు నెమ్మదించి ఆగేదాకా పెంచో తగ్గించో చూడండి. కార్యక్రమం అయ్యాక 440కి తిరిగి పెట్టడం మరవకండి.

ప్రశ్న: కీబోర్డు మీద గమకం పలికించొచ్చా? (ఒక పాఠకుడు, దెగ్లూర్)

జవాబు: కొంతవరకు. పిచ్ బెండ్ చక్రం (స్వరాన్ని పైకీ కిందికీ వంచేది) సాధారణంగా పైకి రెండు అర్ధస్వరాలు, కిందికి రెండు మాత్రమే జరుగుతుంది. జారుకు (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే గమకం) అది చాలదు. పరిధిని 12కు పెంచుకోవచ్చు. కీబోర్డు శబ్దంతో వాయిస్తుంటే కీబోర్డులోనే మార్చాలి, సాఫ్ట్‌వేరు శబ్దమైతే ఆ ప్లగిన్‌లో మార్చాలి. కీబోర్డు తెర మీద కనిపించే సెట్టింగు మార్చి ప్లగిన్‌లో 2 అలాగే వదిలేస్తే ఏమీ మారదు. పరిధి పెంచాక చక్రాన్ని కొంచెం కదిపినా స్వరం చాలా దూరం పోతుంది కాబట్టి చేతికి అలవాటయ్యేదాకా 4 దగ్గర పెట్టుకోవడం మేలు. ఇంకో చిక్కు: బెండ్ ఒక ఛానెల్ మొత్తాన్నీ, అంటే అందులో మోగుతున్న స్వరాలన్నింటినీ లాగుతుంది. ఎడమ చేత్తో స, ప పట్టి కుడి చేత్తో గమకం వేస్తే ఆధార షడ్జమం కూడా జారిపోతుంది. ఆధార శ్రుతిని వేరే ట్రాకులో ముందే రికార్డు చేసుకోండి. కంపితం లాంటి చిన్న ఊపులకు ఇది పనికొస్తుంది. తోడి రాగంలోని గాంధారాన్ని దీని మీద పలికించాలనుకుంటే మాత్రం వయొలిన్ వాయించే మనిషినే పిలవడం తేలిక.

ప్రశ్న: కీబోర్డు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు తీగ పెట్టి రికార్డు చేశాను. పియానో గొట్టంలోంచి వస్తున్నట్టుంది, బేస్ అసలు లేదు. పైగా హుమ్ శబ్దం. (ఒక పాఠకుడు, బల్లార్షా)

జవాబు: మీరు వాడినది రెండు కొసలా రెండేసి నల్ల గీతలున్న పావు అంగుళం తీగ అయ్యుంటుంది. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి దాని మొనలో ఎడమ చెవి శబ్దం, మధ్య వలయంలో కుడి చెవి శబ్దం వస్తాయి. ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ దాన్ని బ్యాలెన్స్‌డ్ తీగ (ఒకే శబ్దాన్ని మొనలో నేరుగా, వలయంలో తిరగేసి మోసేది) అనుకుని, మొనలోంచి వలయాన్ని తీసివేస్తుంది. అలా తీసేస్తే రెండు చెవుల్లో సమానంగా ఉన్నదంతా, అంటే బేసూ పియానో నడుమూ, కొట్టుకుపోయి ప్రతిధ్వని మాత్రం మిగులుతుంది. పరిహారం వై తీగ: ఒక కొసన స్టీరియో పిన్ను, రెండో వైపు ఒక్కో గీత ఉన్న రెండు మోనో పిన్నులు. వాటిని ఇంటర్‌ఫేస్ రెండు ఇన్‌పుట్‌లకూ విడివిడిగా గుచ్చి, లైన్ స్థితిలో పెట్టి, కీబోర్డు వాల్యూమ్ ముప్పాతిక దాకా తిప్పండి. రికార్డింగు ముల్లు ఎంత గట్టిగా వాయించినా మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్యే ఆగాలి. సున్నాను తాకితే శబ్దం చీలిపోతుంది, తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

హుమ్ విషయానికొస్తే, లాప్‌టాప్ ఛార్జరు పీకి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. ఆగిపోతే దోషం కరెంటు దారిదే. అన్నింటినీ ఒకే ఎర్త్ ఉన్న బోర్డుకు పెట్టండి. మూడు పిన్నుల ఛార్జరుకు ఎర్త్ పిన్ను విరగ్గొట్టి హుమ్ పోగొట్టే చిట్కా కొందరు చెబుతుంటారు, షాకు కొడుతుంది, ఆ జోలికి పోకండి. మీ కీబోర్డు యూఎస్‌బీ ద్వారా ఆడియో కూడా పంపే రకమైతే (యమహా పీఎస్‌ఆర్-ఈ373 అలాంటిది) ఈ తీగల గొడవే లేదు. యమహా వెబ్‌సైట్ నుంచి డ్రైవరు దించుకుంటే ఆ ఒక్క తీగలోనే శబ్దం, మిడి రెండూ వెళ్తాయి.

ప్రశ్న: అయిదేళ్ల కీబోర్డు. మధ్యలో మూడు మీటలు ఎంత మెల్లగా నొక్కినా గట్టిగా అరుస్తున్నాయి, ఒకటి అసలు పలకదు. (ఒక పాఠకురాలు, చంద్రపూర్)

జవాబు: మీ వైపు బొగ్గు ధూళి, పైన వేసవి చెమట. ఇది ఎక్కువగా చూసే జబ్బే. ప్రతి మీట కింద రబ్బరు బుడిపెలో రెండు నల్ల కార్బన్ చుక్కలుంటాయి. మీట దిగేటప్పుడు ఒకటి ముందు తాకుతుంది, రెండోది తర్వాత. ఆ రెంటి మధ్య సమయం ఎంత తక్కువైతే అంత గట్టిగా కొట్టారని కీబోర్డు లెక్కగడుతుంది. ఒక చుక్క మీద మురికి చేరితే లెక్క తప్పి, గరిష్ఠ బలంతో మోగడమో అసలు మోగకపోవడమో జరుగుతుంది.

వారంటీ ఉంటే మీరు విప్పకండి. లేకపోతే, అడాప్టరు పీకి, బ్యాటరీలు తీసి, మెత్తటి దుప్పటి మీద బోర్లా పెట్టండి. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి, పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే పై ప్లాస్టిక్ చిల్లు పడుతుంది. కాబట్టి తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పలుచటి రిబ్బను తీగలను లాగకండి, వాటి సాకెట్‌కు ఉన్న చిన్న తాళం ముందు ఎత్తాలి. మీటల వరస తీశాక రబ్బరు పట్టీ కనిపిస్తుంది. పట్టీని నెమ్మదిగా ఊడదీసి, దాని చుక్కలనూ కింద బోర్డు మీది నల్ల జాగాలనూ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన, నూలు రాలని గుడ్డతో అద్దినట్టు తుడవండి. రుద్దితే కార్బన్ పొర లేచిపోతుంది, ఇక పట్టీ మార్చాల్సిందే. పెట్రోలు, కిరోసిన్, తుప్పు వదిలించే స్ప్రేలు రబ్బరును ఉబ్బించేస్తాయి. పది నిమిషాలు ఆరనిచ్చి, పట్టీ ముళ్లన్నీ రంధ్రాల్లో పూర్తిగా దిగాయని వేలితో తడిమి చూశాకే మూయండి. ఒక్క ముల్లు పైకి లేచినా పక్క మీట కూడా చెడుతుంది. ఇకమీదట వాయించాక గుడ్డ కప్పండి. మేలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో కీబోర్డును కిటికీ ఎండలో ఉంచకండి.

ప్రశ్న: అడాప్టరు పోయింది. సెట్‌టాప్ బాక్సుది గుచ్చొచ్చా? (ఒక పాఠకుడు, ధర్మాబాద్)

జవాబు: పిన్ను పట్టినంత మాత్రాన గుచ్చకండి. యమహా చిన్న కీబోర్డులు చాలావరకు 12 వోల్టులు, నడిమి మొన ప్లస్. పాత క్యాసియోలు చాలావాటికి 9 వోల్టులు, నడిమి మొన మైనస్. కీబోర్డు వెనుక వలయం బొమ్మ ఉంటుంది, చుక్క ఏ గుర్తు వైపుందో చూడండి. వోల్టు, గుర్తు రెండూ అచ్చంగా కలవాలి. ఆంపియర్లు రాసినదానికన్నా ఎక్కువున్నా పరవాలేదు, తక్కువ ఉండకూడదు. తక్కువైతే గట్టిగా వాయించినప్పుడల్లా కీబోర్డు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది.

ప్రశ్న: సార్, పదో తరగతి. లాప్‌టాప్ లేదు, నాన్న ఫోను ఉంది. దానితో పాట చేయగలనా? (ఒక విద్యార్థి, సిరొంచ)

జవాబు: చేయొచ్చు తమ్ముడూ. ఓటీజీ ముక్క (ఫోనుకు యూఎస్‌బీ తీగ కలిపే చిన్న అడాప్టరు) ఒకటి కొనుక్కో, కీబోర్డు యూఎస్‌బీ తీగను దానికి పెట్టు, బ్యాండ్‌ల్యాబ్ యాప్‌లో ట్రాకు మీద ట్రాకు పేర్చుకో. తీగ ఇయర్‌ఫోనే వాడు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆలస్యం ఫోనుకో తీరుగా ఉంటుంది. నీ ఫోనులో ఎక్కువుంటే కీబోర్డు సొంత శబ్దం వింటూ వాయించి, ఫోనులో మిడి మాత్రమే రికార్డు చెయ్యి. తర్వాత క్వాంటైజ్ చేస్తే లయకు సర్దుకుంటుంది. క్వాంటైజ్ నూటికి నూరు పెట్టకు, ఢోలక్ కూడా గడియారంలా కొట్టుకుంటుంది. వాయించే ముందు ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, లేకపోతే సరిగ్గా చరణం మధ్యలో నాన్నకు ఫోనొస్తుంది.